పరీక్ష హాలు నిలబెట్టిన కాలిక్యులేటర్లు

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండాయి. చొక్కా జేబులో పట్టే సైంటిఫిక్ కాలిక్యులేటర్ 1972లో పుట్టింది. అంటే రెండూ దాదాపు ఒక ఈడువే. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర రాయమని కమిటీ మిత్రులు అడిగారు. బడి చరిత్ర రాయడానికి నాకంటే సమర్థులు చాలామంది ఉన్నారు. అందుకని నీటిపారుదల పనుల్లో ముప్పై ఏళ్లకు పైగా, పెన్ను తరవాత నా చేతిలో ఎక్కువగా ఉన్న పనిముట్టు గురించి రాస్తానన్నాను. మన తొలి బ్యాచ్‌లవాళ్లు లాగ్ టేబుల్స్ తిరగేసి గట్టెక్కారు. వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు క్యాసియో కొనుక్కున్నారు. ఇప్పటి పిల్లలకు అన్నీ ఫోనులోనే ఉన్నాయి.

ఈ చరిత్రలో నాకు ఎప్పుడూ వింతగా తోచే సంగతి ఒకటుంది. ఇంజనీర్లు ప్రాణంగా చూసుకున్న యంత్రాలు వేరు, బజారులో బతికి బట్టకట్టిన యంత్రాలు వేరు. ఏది నిలవాలో, ఏది పోవాలో తేల్చింది చాలాసార్లు వర్క్‌షాపూ కాదు, డిజైన్ ఆఫీసూ కాదు. పరీక్ష హాలు.

ముందు కాలిక్యులేటర్ లేని రోజుల మాట. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. అంత రాతి ఆనకట్ట కట్టిన కాలమంతా చేతిలో పట్టే ఎలక్ట్రానిక్ లెక్కల యంత్రం అన్నది ప్రపంచంలో ఎక్కడా అమ్మకానికి లేదు. ఉన్నవి లాగరిథమ్ పట్టికలు, స్లైడ్ రూలు, ఆఫీసుల్లోనూ స్టాటిస్టిక్స్ ల్యాబుల్లోనూ చేత్తో తిప్పే ఫేసిట్ యంత్రం. క్లార్క్స్ టేబుల్స్ పుస్తకం అట్టలు ఊడేదాకా వాడినవాళ్లు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు. 0.0427 కు లాగరిథమ్ అంటే బార్ రెండు పాయింట్ 6304. ఆ 'బార్' దగ్గర కూడికా తీసివేతా కలగాపులగమై ఎన్ని మార్కులు పోయేవో లెక్కల మాస్టార్లకే తెలియాలి.

స్లైడ్ రూలుది ఇంకో తీరు. లాగరిథమ్‌లను పొడవులుగా మార్చి రెండు కొలబద్దల మీద గీస్తే, ఒకదాన్ని రెండోదాని పక్కన జరపడమే గుణకారం. 4.27 ను 318 తో హెచ్చవేస్తే రూలు మీద ఒకటి, మూడు, ఆరుకు కాస్త తక్కువ అని కనబడుతుంది. అది 13.6 నా, 136 నా, 1,360 నా? రూలు చెప్పదు. నాలుగు మూడువందలు పన్నెండు వందలు, కాబట్టి జవాబు వెయ్యి దాటుతుందని మనిషే మనసులో అనుకోవాలి. మూడు అంకెలే వస్తాయి, దశాంశ బిందువు రాదు. ఆ లోటే ఇంజనీర్లకు ఒక మంచి అలవాటు నేర్పింది. లెక్క మొదలుపెట్టకముందే జవాబు ఎంత ఉండాలో అందాజుగా తెలిసి ఉండేది.

అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ 1968లో 9100ఏ అనే బల్ల మీద పెట్టే యంత్రం తెచ్చింది. సైన్, కాస్, లాగ్ అన్నీ చేసేది. బరువు పద్దెనిమిది కిలోలు, ధర 4,900 డాలర్లు. కంపెనీ పెద్దల్లో ఒకరైన బిల్ హ్యూలెట్ అది చూసి, ఇదే యంత్రం నా చొక్కా జేబులో పట్టేలా చేయండి అన్నాడని ప్రసిద్ధి. 1972 ఫిబ్రవరిలో అలాంటిది వచ్చింది. 35 మీటలు ఉన్నాయి గనుక పేరు హెచ్‌పీ-35. ధర 395 డాలర్లు, అప్పటి మారకంలో దాదాపు మూడు వేల రూపాయలు. మొదటి ఏడాది పదివేలు అమ్ముడైతే చాలనుకున్నారు. లక్ష దాటింది. మూడు నాలుగేళ్లలో స్లైడ్ రూళ్లు చేసే పేరున్న కంపెనీలు ఆ పని మానుకున్నాయి. మూడు వందల ఏళ్లకు పైగా సాగిన పనిముట్టు అంత తొందరగా కనుమరుగైంది.

ఆ హెచ్‌పీ-35 లో ఒక తప్పు దొర్లింది. 2.02 కొట్టి సహజ లాగరిథమ్ తీసి, వెంటనే దాన్ని మళ్లీ ఘాతంగా వేస్తే 2.02 తిరిగి రావాలి. వచ్చేది 2 మాత్రమే. కంపెనీ ఆ సంగతి కొనుగోలుదారులకు తెలియజేసి, కావాలన్నవాళ్లకు మార్చి ఇస్తామంది. ఇంజనీర్లకు హెచ్‌పీ మీద ఏర్పడిన నమ్మకానికి పునాదుల్లో ఇదొకటని నా అభిప్రాయం. కొలిచే పనిముట్టు తప్పు చెప్పవచ్చు. ఎక్కడ తప్పు చెబుతుందో మనకు తెలిసి ఉండాలి.

అంత చిన్న యంత్రం సైన్ విలువ ఎలా కడుతుందన్న ప్రశ్న బడిలో పిల్లలు అడగాల్సిన ప్రశ్న. లోపల సైన్ పట్టిక ఏదీ ఉండదు. 1950లలో జాక్ వోల్డర్ అనే ఇంజనీరు బాంబర్ విమానం దారి లెక్కల కోసం కనిపెట్టిన కార్డిక్ అనే పద్ధతి ఉంది. కిరాణా కొట్టులో తక్కెడ పనిచేసినట్టే అది పనిచేస్తుంది. టాన్ విలువ 1, అర, పావు, అరపావు అయ్యే కోణాలు యంత్రానికి ముందే తెలుసు. అవి 45, 26.565, 14.036, 7.125 డిగ్రీలు, అలా తగ్గుతూ పోతాయి. 30 డిగ్రీలు కావాలా? 45 వేస్తే ఎక్కువైంది. 26.565 తీస్తే 18.435, తక్కువైంది. 14.036 వేస్తే 32.471. 7.125 తీస్తే 25.346. తరవాతి రాయి 3.576 వేస్తే 28.922. ఇలా వేస్తూ తీస్తూ 30 దగ్గరకు చేరుతుంది. ఒక్కో అడుగుకూ గీత ఎంత తిరిగిందో లెక్క కట్టడానికి అంకెలను పక్కకు జరపడం, కూడడం, తీసెయ్యడం చాలు. గుణకారమే అక్కర్లేదు. హెచ్‌పీవాళ్లు సగాల బదులు పదో వంతులతో ఇలాంటి పద్ధతే వాడారు. లాగరిథమ్‌లకు వాడిన ఉపాయం మూలాలు 1624లో హెన్రీ బ్రిగ్స్ అచ్చువేసిన పట్టికల దగ్గర ఉన్నాయి. అంటే క్లార్క్స్ టేబుల్స్‌కూ కాలిక్యులేటర్‌కూ తాతగారు ఒక్కరే.

హెచ్‌పీ యంత్రాలకు '=' మీట ఉండేది కాదు. పోలండ్ తర్కశాస్త్రవేత్త యాన్ వుకాషేవిచ్ 1920లలో చెప్పిన రాత పద్ధతిని తిరగేసి వాడారు. అందుకే దాన్ని రివర్స్ పోలిష్ అంటారు. ముందు సంఖ్యలు, చివర చెయ్యాల్సిన పని. ఇంగ్లీషువాళ్లకు ఇది తలకిందులుగా కనిపించింది. మనకు అలా కనిపించనక్కర్లేదు, ఎందుకంటే తెలుగు వాక్యం నడిచేదే అలా. 'మూడుకి నాలుగు కలుపు, అయిదులోంచి రెండు తియ్యి, రెంటినీ హెచ్చవెయ్యి' అని మాస్టారు నోటిలెక్క చెబితే, హెచ్‌పీ మీద మీటలు కూడా అదే వరసలో పడతాయి: 3 ఎంటర్ 4 +, 5 ఎంటర్ 2 −, ×. జవాబు 21. బ్రాకెట్లు లేవు. మధ్యలో వచ్చిన 7, 3 కూడా కంటికి కనబడతాయి, పొరపాటు జరిగితే అక్కడే పట్టుకోవచ్చు. క్రియ చివర వచ్చే భాష మాట్లాడేవాళ్లకు ఈ యంత్రం సులువుగా అలవాటు కావాలి. మనలో చాలామంది దాన్ని చూడనే లేదు.

తరవాతి పదేళ్లు హెచ్‌పీకి స్వర్ణయుగం. 1974లో వచ్చిన హెచ్‌పీ-65 లో, మనం రాసుకున్న ప్రోగ్రామును చిన్న అయస్కాంత కార్డు మీద దాచుకోవచ్చు. 1975లో అమెరికా, రష్యా వ్యోమనౌకలు కలిసిన అపోలో-సోయుజ్ యాత్రలో అది అంతరిక్షానికి వెళ్లింది. 1979 నాటి హెచ్‌పీ-41సీ స్పేస్ షటిల్‌లో ప్రయాణించింది. 1981, 82 లలో ఒకే పోతలో పోసినట్టు రెండు యంత్రాలు వచ్చాయి. ఒకటి వడ్డీల లెక్కలకు హెచ్‌పీ-12సీ, రెండోది ఇంజనీర్లకు హెచ్‌పీ-15సీ. అడ్డంగా పట్టుకుంటే రెండు బొటనవేళ్లకూ మీటలు అందుతాయి. మీట నొక్కితే పడిందో లేదో వేలికే తెలుస్తుంది. 15సీ లో సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, సమాకలనం అన్నీ ఉన్నాయి. వాడినవాళ్లు దాన్ని చేతి గడియారంలా చూసుకున్నారు.

1989లో 15సీ తయారీ ఆగిపోయింది. 12సీ మాత్రం ఆగలేదు, ఇప్పటికీ అమ్ముతున్నారు. ఒకే ఒళ్లు, ఒకే తరం. మరి తేడా ఎక్కడ? 12సీ లోని ఆర్థిక సూత్రాలు మారలేదు, బ్యాంకులవాళ్ల చేతికి అలవాటైంది, అదొక కారణం. ఇంకోటి, సీఎఫ్ఏ అనే అంతర్జాతీయ ఆర్థిక పరీక్ష. దానికి రెండు రకాల కాలిక్యులేటర్లనే హాల్లోకి రానిస్తారు. వాటిలో ఒకటి 12సీ. ఇంజనీర్ల 15సీ కి అలాంటి అండ ఏ హాల్లోనూ దొరకలేదు. అభిమానుల పోరు పడలేక 2011లో ఒకసారి, 2023లో మరోసారి పరిమితంగా చేసి అమ్మారు, అంతే.

ఇంకోవైపు ధరలు పడిపోతున్నాయి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ 1976లో టీఐ-30 ని పాతిక డాలర్లకు ఇచ్చింది. జపాన్ నుంచి క్యాసియో, షార్ప్ వచ్చాయి. 1985లో క్యాసియో ఎఫ్‌ఎక్స్-7000జీ తెరమీద గ్రాఫు గీసింది. చేతిలో పట్టే గ్రాఫింగ్ కాలిక్యులేటర్లలో అదే మొదటిది. తెర అడ్డంగా 96 చుక్కలు, నిలువుగా 64. ప్రోగ్రాములకు జాగా 422 బైట్లు. ఈ వ్యాసంలో ఒక పేరా కూడా అందులో పట్టదు.

మొదట చేసింది క్యాసియో అయినా అమెరికా బళ్లలో పాతుకుపోయింది టీఐ. 1990లో టీఐ-81, 1996లో టీఐ-83, 2004లో టీఐ-84 ప్లస్. 1994లో శాట్ పరీక్షలో కాలిక్యులేటర్లకు అనుమతి వచ్చింది. 1995 నుంచి అక్కడి ఏపీ కాలిక్యులస్ పరీక్షకు గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరి అయింది. ఇక పాఠ్యపుస్తకాల్లో మీటల బొమ్మలు టీఐవే, టీచర్లకు తెలిసిందీ టీఐ. 1976 నాటి జెడ్-80 ప్రాసెసర్ వంశానికి చెందిన చిప్పుతో నడిచే యంత్రం, ఫోన్లు అంతంత మారిపోయిన కాలంలోనూ, వంద డాలర్లకు అటూ ఇటూగా అమ్ముడవుతూనే ఉంది. అక్కడ స్థిరపడిన మనవాళ్ల ఇళ్లకు వెళ్లిన తాతయ్యలూ అమ్మమ్మలూ మనవడి బళ్లో కావాలన్న సామాన్ల చీటీలో దాని పేరు చూసే ఉంటారు.

పరీక్ష హాలు యంత్రం రూపాన్నే మార్చిన సందర్భం ఒకటి చెప్పాలి. 1995లో టీఐ-92 వచ్చింది. బీజగణితాన్ని అక్షరాలతోనే సాధిస్తుంది, అవకలనం చేసి సూత్రం చూపిస్తుంది. దానికి టైపు మిషను లాంటి కీబోర్డు ఉంది. అలాంటి కీబోర్డు ఉన్నవి శాట్ హాల్లోకి రాకూడదు. 1998లో కంపెనీ దాదాపు అవే తెలివితేటలను మామూలు మీటల పెట్టెలో పెట్టి టీఐ-89 అని అమ్మింది. అది హాల్లోకి వెళ్లింది. బుర్ర మారలేదు, చొక్కా మారింది.

అమెరికాలో ఇంజనీరుగా లైసెన్సు కావాలంటే రాసే పరీక్షలకు కూడా అనుమతించిన యంత్రాల పట్టిక ఒకటి ఉంది. ప్రశ్నలను దాచుకుని బయటకు మోసుకుపోయే వీలున్నవాటిని ఆపడం దాని ఉద్దేశం. హెచ్‌పీలో 33ఎస్, 35ఎస్ అనే రెండే అందులోకి చేరాయి. మిగతావి టీఐలో సాదా రకాలు, క్యాసియోలో ఎఫ్‌ఎక్స్-115, ఎఫ్‌ఎక్స్-991 రకాలు. ఈ చివరి పేరు మన పాఠకులకు కొత్తది కాదు.

మన దగ్గర 1970, 80లలో సైంటిఫిక్ కాలిక్యులేటర్ అంటే గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన బంధువు సూట్‌కేసులోంచి బయటపడే వస్తువు. దిగుమతి సుంకాలు అలా ఉండేవి. కాలేజీలో ఒకడికి ఉంటే పదిమంది చుట్టూ చేరేవారు. తరవాత క్యాసియో అందుబాటులోకి వచ్చింది. పాలిటెక్నిక్‌లలో, ఇంజనీరింగ్ కాలేజీల్లో పరీక్షకు కాలిక్యులేటర్ రానిచ్చారు గానీ, ప్రోగ్రామింగ్ ఉన్నది కుదరదన్నారు. ఆ ఒక్క షరతుతో హెచ్‌పీ-41 లకూ గ్రాఫింగ్ యంత్రాలకూ మన ఊళ్లలో తలుపు మూసుకుంది. షరతుకు లోబడి, వీలైనంత పని చేసే యంత్రమేదో పిల్లలు వెతుక్కున్నారు. ఎఫ్‌ఎక్స్-100, ఎఫ్‌ఎక్స్-991 అలా మనవయ్యాయి. నాలుగేళ్లు వాడి, వెనక స్టిక్కరు మీద పేరు గీకేసి జూనియర్‌కు అమ్మేసి పోవడం హాస్టళ్లలో ఆనవాయితీ.

ఎఫ్‌ఎక్స్-991 చిన్న యంత్రమేమీ కాదు. సమాకలనం, మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, సమీకరణాల సాధన అన్నీ ఉన్నాయి, ప్రోగ్రామింగ్ ఒక్కటే లేదు. సర్వే పని చేసినవాళ్లకు దానిలో పోల్, రెక్ అనే రెండు మీటలు పెన్నిధి. 100 మీటర్ల దూరం, 30 డిగ్రీల బేరింగ్ ఇస్తే ఉత్తరానికి 86.60, తూర్పుకు 50 అని ఒకేసారి చెబుతుంది. ట్రావర్స్ లెక్కలు పట్టికలతో కట్టిన చేతికి ఈ మీట విలువ తెలుసు.

అయితే ఒక మాట. కాలువలో నీటి వేగానికి మ్యానింగ్ సూత్రం వాడతాం. హైడ్రాలిక్ రేడియస్ 1.5 మీటర్లు, వాలు అయిదు వేలకు ఒకటి, గరుకుతనం గుణకం 0.0225 అనుకుందాం. మూడింట రెండో ఘాతం, వర్గమూలం లాగ్ టేబుల్స్‌తో కడితే పావుగంట పని. కాలిక్యులేటర్ ఒక్క క్షణంలో సెకనుకు 0.8236 మీటర్లు అంటూ ఇంకా బారెడు అంకెలు చూపిస్తుంది. కానీ కాలువ గట్టున గడ్డి కాస్త పెరిగి ఆ గుణకం 0.025 అయిందంటే వేగం 0.74. గడ్డిని చూసి గుణకం ఎంచేది మనిషి. అక్కడ మొదటి అంకె దగ్గరే తేడా వస్తుంటే, తెర మీది పదో అంకెను నమ్మి డ్రాయింగులో దించేవాళ్లను నేను చాలామందిని చూశాను. స్లైడ్ రూలు మూడు అంకెలే ఇచ్చేది, నిజానికి మన పనికి కావాల్సినవీ అన్నే.

టీచర్ల కోసం మరో రెండు ముక్కలు. పిల్లల చేతిలో ఏ యంత్రం ఉన్నా ముందు సైన్ 30 కొట్టించండి. 0.5 వస్తే డిగ్రీల్లో ఉంది. −0.988 వస్తే రేడియన్లలో ఉంది. 0.454 వస్తే గ్రేడియన్లలో ఉంది, ఎవడో సరదాకి మార్చాడు. రెండోది, 9 కి డిగ్రీల్లో వరసగా సైన్, కాస్, టాన్ తీసి, వెంటనే టాన్ విలోమం, కాస్ విలోమం, సైన్ విలోమం తీయించండి. తొమ్మిదే తిరిగి రావాలి. చాలా యంత్రాల్లో చివరి అంకెలు చెదిరిపోతాయి. మధ్యలో సంఖ్య 0.99999627 దగ్గరకు వస్తుంది, అక్కడ కాస్ విలోమానికి పనికొచ్చేది ఒకటికీ దానికీ ఉన్న తేడా మాత్రమే, ఆ తేడాలో మిగిలే అంకెలు కొద్ది. ఏ యంత్రంలో ఏ చిప్పు ఉందో ఈ చెదిరిన అంకెలను బట్టి గుర్తుపట్టే ఔత్సాహికులు ఉన్నారు.

పరీక్ష హాలు చేసిన ఎంపిక మంచిదా? ఒక విధంగా మంచిదే. డబ్బున్న ఇంటి పిల్లవాడి చేతిలోనూ, ఫీజుకు అప్పు చేసిన ఇంటి పిల్ల చేతిలోనూ ఒకే ఎఫ్‌ఎక్స్-991 ఉంది. ధర అందరికీ అందింది. కానీ ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ వాడిన తరం ఒకటి తమ లెక్కను తామే మెట్లుగా విడగొట్టి యంత్రానికి నేర్పింది. జేబులో ఉన్నదానికి పని నేర్పే ఆ అవకాశం మన పిల్లలకు కంప్యూటర్ ల్యాబు తలుపు తెరిచేదాకా రాలేదు. హాలులో కాపీ ఆపడానికి పెట్టిన నియమం హాలు బయట నాలుగేళ్ల చదువునూ నడిపించింది. అది నాకు నచ్చలేదు.

ఇప్పుడు హెచ్‌పీ-15సీ అయినా, 41సీ అయినా ఫోనులోకి దించుకోవచ్చు. మీటల బొమ్మలు అచ్చం అలాగే ఉంటాయి. వేలికి మాత్రం నున్నటి గాజే తగులుతుంది. ఫోను ఏ పరీక్ష హాల్లోకీ రాదు. శాట్‌ను కంప్యూటర్ మీదికి మార్చాక గ్రాఫులు గీసే కాలిక్యులేటర్‌ను ఆ తెరలోనే పెట్టారు. మన ఈఏపీసెట్, జేఈఈలలో కాలిక్యులేటర్ ఊసే లేదు. గేట్ రాసేవాళ్లు నాలుగేళ్లు చేతికి అలవాటైన ఎఫ్‌ఎక్స్-991 ను గేటు బయట వదిలిపెట్టి లోపలికి వెళతారు. లోపల కంప్యూటర్ తెర మూలన ఒక కాలిక్యులేటర్ బొమ్మ ఉంటుంది. కీబోర్డు పనిచేయదు, ఒక్కో అంకె దగ్గరకూ మౌస్‌ను నడిపించుకెళ్లి నొక్కాలి. పరీక్షకు నెలల ముందు నుంచే మన పిల్లలు ఇళ్లలో ఆ బొమ్మ మీద మౌస్‌తో సాధన చేస్తున్నారు.